నా కుడి చెయ్యి, పిన్నిగారి ఎడమ చెయ్యి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో కింద రోడ్డంతా కోచింగ్ సెంటర్ల బోర్డులే. ఆ బోర్డులు ఎన్ని ఉంటాయో, వెనక వీధుల అపార్ట్‌మెంట్లలో బీరువాల మీద దుమ్ము పట్టిన కీబోర్డులు కూడా దాదాపు అన్నే ఉంటాయని నా అనుమానం. వాటి కథ అందరిళ్లలోనూ ఒక్కటే. పిల్లో పిల్లాడో మూడో తరగతిలో ఉండగా వేసవి సెలవుల్లో మ్యూజిక్ క్లాసులో చేర్పిస్తాం. ముచ్చటపడి అరవై ఒక్క మీటల కీబోర్డు కొంటాం. రెండేళ్లపాటు ఇంటికొచ్చిన చుట్టాలందరికీ హ్యాపీ బర్త్‌డే వినిపిస్తాం. ఏడో తరగతికి ఐఐటీ ఫౌండేషన్ మొదలవుతుంది. కీబోర్డు అట్టపెట్టెలోకి, అట్టపెట్టె బీరువా మీదకి. కొన్నాళ్లకి దాని మీద దీపావళి సీరియల్ లైట్లు, చలికాలం రగ్గులు.

మా వాడిది అలా తొమ్మిదేళ్లు పడుకుంది. వాడు ఇంజనీరింగ్‌కి వరంగల్ వెళ్లిన ఏడాది, 2023 జూన్‌లో, రగ్గుల కోసం స్టూలెక్కి దాన్ని కూడా దించాను. అడాప్టర్ పెట్టగానే చిన్న ఎర్ర దీపం వెలిగింది. పాత సినిమాల్లో పుట్టినరోజు పార్టీ అంటే సూటు వేసుకున్న హీరో పియానో ముందు కూర్చోవడమే కదా. చుట్టూ జనం కూల్‌డ్రింకులు పట్టుకుని నిలబడి ఉంటే, హీరోయిన్ ఓ మూల స్తంభం పక్కన కళ్లు తుడుచుకుంటుంది. నాకు చిన్నప్పటి నుంచీ ఆ స్తంభం పక్కన కాదు, ఆ స్టూలు మీదే కూర్చోవాలని ఉండేది. నలభై ఏడేళ్ల వయసులో కుదిరింది.

దగ్గర్లోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. క్లాసు సాయంత్రం అయిదింటికి. ఇంట్లో వంట చేసేవాళ్లకి ఆ సమయం ఎలాంటిదో చెప్పక్కర్లేదు. పదేళ్ల పిల్లల మధ్య చిన్న ప్లాస్టిక్ కుర్చీలో నేను. మాస్టారు కుర్రాడు, చెడ్డవాడేం కాదు. కానీ పిల్లలకి చెప్పాక టైముంటే మాకు చెప్పేవాడు. లేకపోతే "ఆంటీ, మీరు ఇంట్లో ప్రాక్టీస్ చేసుకోండి" అనేవాడు. మూడు నెలల ఫీజు ముందే కట్టించుకున్నారు. ఆ మూడు నెలల్లో నాకు వచ్చినవి వేళ్ల నంబర్లు. దొరికినవాళ్లు మాత్రం ముగ్గురు. నాలాగే గోడవార కూర్చున్న ఆడవాళ్లు.

పేర్లు రాయొద్దన్నారు కాబట్టి మేం పిలుచుకునే పిలుపులే రాస్తాను. పిన్నిగారు కొత్తపేటలో ఉంటారు. గవర్నమెంటు హైస్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు, అరవై నాలుగేళ్లు. ఎల్బీనగర్ వదిన బ్లౌజులు కుడుతుంది. సూర్యాపేట వైపు మనిషి. పెళ్లయి వచ్చాక ఇల్లే దుకాణం. నాలుగో మనిషి సాఫ్ట్‌వేర్ అమ్మాయి. వనస్థలిపురంలో ఉంటుంది, ఇంటి నుంచే పని, అయిదేళ్ల పాప. ఎల్బీనగర్ అంటే విజయవాడ హైవే నగరంలో అడుగుపెట్టే చోటు కదా, మా నలుగురి యాసలూ ఆ రోడ్డు మీద నాలుగు ఊళ్లవి.

ఫీజు గడువు అయిపోయాక మళ్లీ కట్టకుండా గురువారం పదకొండు నుంచి పన్నెండున్నర దాకా చైతన్యపురిలో మా ఇంట్లో కలుద్దామనుకున్నాం. కుక్కర్లు దింపాక, పిల్లలు రాకముందు, మొత్తం రోజులో మాది అనుకోదగ్గ ముక్క అదొక్కటే. గురువారం ఎందుకంటే పిన్నిగారు పొద్దున దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి ఎలాగూ వస్తారు. అక్కణ్ణుంచి మా ఇల్లు మెట్రోలో ఒక్క స్టేషను. గురువు లేకుండా గురువారం క్లాసేమిటని మా ఆయన నవ్వారు. పుస్తకం ఉంది కదా అన్నాను.

ఆ పుస్తకం పేరు ఆల్ఫ్రెడ్స్ బేసిక్ అడల్ట్ పియానో కోర్స్. పామర్, మానస్, లెత్కో అని ముగ్గురు అమెరికన్లు రాశారు. పెద్దవాళ్లకోసం రాసినది, అందుకని మొదటి పేజీల్లో ఎలుగుబంటి బొమ్మలుండవు, అంతవరకు సంతోషం. కుట్టిన పుస్తకం కాదు, ప్లాస్టిక్ రింగులది, స్టాండు మీద పడిపోకుండా పరుచుకుంటుంది. పద్ధతి చాలా నిదానం. నల్ల మీటలు రెండేసి, మూడేసి గుంపులుగా ఎలా ఉన్నాయో చూపిస్తుంది. రెండు నల్ల మీటల గుంపుకి ఎడమ పక్కన ఆనుకుని ఉన్న తెల్లదే సీ. అక్కడ బొటనవేలు పెట్టి, అయిదు వేళ్లూ అయిదు మీటల మీద ఉంచి, చెయ్యి కదపకుండా ఆ అయిదింటితోనే పాటలు వాయించమంటుంది. కుడి చేతికీ ఎడమ చేతికీ బొటనవేలే ఒకటి, చిటికెనవేలు అయిదు. అందుకని రెండు చేతులతో ఒకే స్వరాలు పైకి వాయిస్తుంటే కుడి చెయ్యి ఒకటి, రెండు, మూడు అంటుంది, ఎడమ చెయ్యి అయిదు, నాలుగు, మూడు అంటుంది. వినడానికి చిన్న విషయం. చేసి చూడండి.

ఇంగ్లీషు వాక్యాలు సాఫ్ట్‌వేర్ అమ్మాయి చదివి చెప్పేది. అయిదు గీతల మీద ఏ చుక్క ఏ స్వరమో గుర్తుండడానికి ఇంగ్లీషులో ఏదో మంచి కుర్రాడి వాక్యం నేర్పుతారట. అది మా నోట పలికేది కాదు. పిన్నిగారు రెండు నిమిషాలు కళ్లు మూసుకుని, "ఈ గిన్నెలో బియ్యం దోసెడు ఫుల్" అన్నారు. ఈ, జీ, బీ, డీ, ఎఫ్. కింది నుంచి పైకి అయిదు గీతలు! కింద ఎడమ చేతి గీతలకి వేరే వాక్యం కావాలి కదా అంటే, "దానికేం, మొదటి మాట తీసేసి చివర అమ్మా అనండి" అన్నారు. గిన్నెలో బియ్యం దోసెడు ఫుల్ అమ్మా. జీ, బీ, డీ, ఎఫ్, ఏ. సరిగ్గా అవే. ముప్పై ఏళ్లు పిల్లలకి ఛందస్సు నేర్పిన మనిషి మరి. మీలో ఎవరైనా నేర్చుకుంటుంటే వాడుకోండి, ఊరికే ఇస్తున్నాం.

మొదటి తగాదా కూడా పిన్నిగారితోనే వచ్చింది. ఆవిడ పెళ్లికి ముందు తెనాలిలో గీతాల దాకా కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. మన దగ్గర సరళీ స్వరాలు మాయామాళవగౌళలో మొదలవుతాయి, పదిహేనో మేళకర్త. కీబోర్డు మీద అది వాయించాలంటే రెండు నల్ల మీటలు తొక్కాలి, రిషభానికొకటి, ధైవతానికొకటి. ఈ పుస్తకం తెల్ల మీటలతో మొదలుపెడుతుంది. సీ నుంచి సీ దాకా అన్నీ తెల్లవే వాయిస్తే అది మన ధీరశంకరాభరణం, ఇరవై తొమ్మిదోది. 1980లో విశ్వనాథ్ గారి సినిమాకి పేరిచ్చిన రాగమే. ప్రపంచంలో సగం మంది పిల్లలు పియానో ముందు కూర్చుని మొదటగా నేర్చుకునేది అదన్నమాట. అక్కడిదాకా పిన్నిగారికి బాగానే ఉంది. పేజీల్లో చుక్కల కింద పెన్సిల్‌తో స రి గ మ ప రాసుకున్నాం, సాఫీగా సాగింది.

కొన్ని వారాలకి పుస్తకం చేతిని జీ మీదకి మార్చమంది. ఇప్పుడు ఆ జీని ఏమనాలి? సీని స అన్నాం కాబట్టి ఇది ప అని సాఫ్ట్‌వేర్ అమ్మాయి. కాదు, పాట ఇక్కడ మొదలై ఇక్కడే నిలుస్తోంది కాబట్టి ఇదే స అని పిన్నిగారు. పైగా జీ అంటే అయిదో తెల్ల మీట, మన హార్మోనియం లెక్కలో అయిదు శ్రుతి. "ఆడవాళ్ల గొంతుకి సరిపోయే శ్రుతి ఇది. నలభై ఏళ్ల కిందట నేను పాడింది ఇందులోనే. దాన్ని పట్టుకుని ప అంటావేమిటే?" అన్నారు. ఇద్దరి మాటా నిజమే. పుస్తకానికి మీటకో పేరు, అది ఎప్పటికీ మారదు. మనకి స ఎక్కడ పెట్టుకుంటే అక్కడే. చివరికి రెండు రంగుల పెన్సిళ్లు తెచ్చాం. మీట పేరు నీలంలో, స్వరం ఎరుపులో. పేజీలు పిల్లల రంగుల పుస్తకంలా అయ్యాయి గానీ, ఆ తర్వాత ఎవరూ దారి తప్పలేదు.

గమకం గురించి కూడా పిన్నిగారికి బెంగే. మీట నొక్కితే స్వరం అక్కడే నిలబడుతుంది, ఊగదు, జారదు. అందుకే ఆకాశవాణి వాళ్లు 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని స్టూడియోలోకి రానివ్వలేదని ఆవిడే చెప్పారు. "అయినా సరేలే, ఈ వయసులో నేనే ఊగుతున్నాను, అదైనా నిలబడనీ" అనేవారు.

అసలు కష్టం రెండు చేతులూ కలపడంలో ఉంది. కుడి చెయ్యి పాట వాయిస్తుంది. ఎడమ చెయ్యి కింద కార్డులు పట్టుకుంటుంది. మొదట సీ కార్డు, అంటే స గ ప మూడూ కలిపి. తర్వాత జీ సెవెన్. చిటికెనవేలు ఒక మీట కిందకి జరిగి ని మీద పడాలి, చూపుడువేలు మ మీద, బొటనవేలు ప మీదే కదలకుండా. ఇదంతా కుడి చెయ్యి తన పాట తాను వాయిస్తుండగా జరగాలి. విడివిడిగా నాకు రెండు చేతులూ వచ్చు. కలిపితే ఒక చెయ్యి రెండో దాన్ని చూసి ఆగిపోయేది, తోడికోడళ్లు ఒకే స్టవ్ దగ్గర నిలబడ్డట్టు. పిల్లలకి ఇది తొందరగా వస్తుందంటారు. నాకనిపించేది వేరు. పిల్లలకి తప్పు వినిపించినా సిగ్గుండదు, మళ్లీ వాయిస్తారు. మనకి పాట ఎలా ఉండాలో ముందే తెలుసు. మొదటి తప్పుకే చేతులు ఒళ్లోకి వచ్చేస్తాయి.

మాలో ముందుగా చేతులు కలిసింది ఎనిమిదో తరగతి చదివిన వదినకి. ఒక గురువారం 'వెన్ ది సెయింట్స్' రెండు చేతులతో మొదటి నుంచి చివరి దాకా వాయించేసింది. ముగ్గురం నోరు తెరిచాం. ఆవిడకి ఆశ్చర్యమేం లేదు. "ఇరవై ఏండ్ల సంది మిషన్ మీద కూసుంటున్న గదక్కా. కుడిచెయ్యి చక్రం తిప్పుతది, ఎడమచెయ్యి బట్టను నడుపుతది, కింద కాళ్లు వాటి పని అవి చేస్తయి. ఒకదాన్ని ఒకటి సూసుకుంటే సూది ఏల్లకు దిగుతది" అంది. తర్వాత మాకు పద్ధతి కూడా చెప్పింది. కుట్టు నేర్చుకునేటప్పుడు దారం లేకుండా కాగితం మీద కుట్టిస్తారట. అలాగే సౌండ్ ఆపేసి ఒక్క గడి, మళ్లీ అదే గడి, వేళ్లకి దారి తెలిసేదాకా. పుస్తకంలో గీతకీ గీతకీ మధ్య ఉన్న ముక్కని ఆవిడ గడి అనేది. మేమూ అదే అంటున్నాం.

తాళం కూడా ఆవిడే నేర్పింది. పుస్తకం ముందు నాలుగు మీద నాలుగు, మూడు మీద నాలుగు అని అంకెలుంటాయి. నాలుగుది ఒక దెబ్బ, మూడు వేళ్లు. మూడుది ఒక దెబ్బ, రెండు వేళ్లు. పిన్నిగారు అలా వివరించారు. వదిన వివరించలేదు, లేచి నిలబడి బతుకమ్మ ఆడినట్టు చప్పట్లు కొట్టి చూపించింది. ఆవిడ చెవితోనే పట్టుకుని వాయించే బతుకమ్మ వరుస ఒకటుంది, అయిదు స్వరాలు దాటదు. పుస్తకంలో ఆ పాటే ఉంటే మొదటి నెలలోనే అందరికీ చేతులు కదిలేవని నా నమ్మకం. మూడో పేజీకో నాలుగో పేజీకో మనకి తెలిసిన పాట ఒకటుంటే ఎంత బావుంటుంది! శ్రావణమాసంలో, వాయనాల శనగలు తింటూ, మేం జింగిల్ బెల్స్ సాధన చేశాం.

పిన్నిగారి కుడి చేతి ఉంగరపు వేలు మొదటి నుంచీ మొండికేసేది. పొద్దున్నే ముడుచుకుపోయి, ఇంకో చేత్తో సాగదీస్తే టక్కుమని తెరుచుకునేది. డాక్టరు ట్రిగ్గర్ ఫింగర్ అన్నారు. షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువగా వస్తుందట. ఆ వేలిని శ్రమపెట్టొద్దన్నారు. ఇంక మానేస్తానని పిన్నిగారు పుస్తకం మూసేశారు. అప్పుడు నేను కుడివైపు కూర్చుని, ఆవిణ్ణి ఎడమవైపు కూర్చోబెట్టాను. పాట నాది, కార్డులు ఆవిడవి. ఒకే స్టూలు చాలదు కాబట్టి దివాన్ కాట్ లాగి దాని మీద. మొదటిసారి వాయిస్తున్నప్పుడు నేను పరుగెత్తుతుంటే ఆవిడ కార్డు పట్టుకుని కదలకుండా ఉండిపోయారు. నేను ఆగి వెనక్కి రావలసిందే. ఒక్కదాన్నే వాయించేటప్పుడు నా తొందర నాకు వినిపించదు. పక్కన ఇంకో మనిషి చెయ్యి ఉంటే వినిపిస్తుంది. అప్పటి నుంచి ప్రతి కొత్త పాటా ముందు ఇద్దరిద్దరం పంచుకుని వాయించి, తర్వాతే ఎవరి రెండు చేతులతో వాళ్లు. పిన్నిగారిది మాత్రం ఎప్పుడూ ఎడమ చెయ్యే.

నిరుడు శ్రావణంలో వదిన రావడం మానేసింది. ఒక వారం, రెండు, మూడు. ఫోన్ చేస్తే మిషన్ చప్పుడు మధ్యలోంచి "వస్త అక్కా" అనేది. పెళ్లిళ్లు, వరలక్ష్మీ వ్రతాలు, అందరి బ్లౌజులూ శుక్రవారం లోపలే కావాలి. గురువారం పొద్దునంటే ఆవిడకి కొండంత పని. ఆటోనగర్‌లో మెకానిక్ పని చేసే వాళ్లాయన "పాట వాయిస్తే పైసలొస్తయా?" అన్నాడట. ఆ ప్రశ్నకి ఆవిడ దగ్గర జవాబు లేదు. నిజానికి మా ముగ్గురి దగ్గరా లేదు. మా గంటన్నర ఖాళీ వెనక ఎవరిదో జీతమో, పెన్షనో ఉంది. ఆవిడ గంటన్నరకి రెండు బ్లౌజుల కూలి.

నాలుగో గురువారం మేమే వెళ్లాం. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్. రెండే స్టేషన్లు. 2018 సెప్టెంబరులో ఈ మెట్రో రాకముందైతే బయల్దేరేవాళ్లమో లేదో. ఆవిడ ఇంట్లో ముందుగది నిండా లైనింగ్ ముక్కలు, మగ్గం వర్కు బ్లౌజులు, గోడకి చాక్‌పీస్ లెక్కలు. కటింగ్ టేబుల్ కింద కీబోర్డు. దాన్ని ఆవిడ డబ్బు పెట్టి కొనలేదు, ఒక కస్టమరు మూడు లంగావోణీల కుట్టుకూలి బదులు వాళ్లబ్బాయిది ఇచ్చేసింది. పైనున్న ఎఫ్ మీట ఒక్కటి పలకదు. ఆ స్వరం వచ్చిన చోట వదిన నోటితో పాడేస్తుంది.

పిన్నిగారు సంచీలోంచి సూదుల డబ్బా తీశారు. బ్లౌజుకి ఆరు హుక్సులు, ఆరు కాజాలు. చేత్తో కుట్టే ఆ పని వదిన రాత్రి పదింటి తర్వాత చేసుకునేది. "మేం ముగ్గురం హుక్సులు కుడతాం, నువ్వు అరగంట వాయించు" అన్నారు. వదిన ముఖం మాడ్చుకుంది. "నా పని మీతోని చేయించుకుంటే నాకేం మంచిగుంటది పిన్నమ్మా? ఎవలన్న సూస్తే ఏమనుకుంటరు?" అంది. మొహమాటం కాదు, కోపం. నాకు అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోవాలనిపించింది. పిన్నిగారు మాత్రం సూదిలో దారం ఎక్కిస్తూనే, "నాకు తాళం నేర్పింది ఎవరు? ఫీజు ఇచ్చానా నీకు? ఇన్‌స్టిట్యూట్‌కి మూడు నెలలది ముందే కట్టాను, వేళ్ల నంబర్లు చెప్పారు. నీకు ఏడాది బాకీ. లెక్కేసుకో" అన్నారు. వదిన కాసేపు మిషన్ తొక్కింది. తర్వాత ఏమీ అనకుండా టేబుల్ కింద నుంచి కీబోర్డు లాగింది.

ఆ అరగంటలో పద్దెనిమిది హుక్సులయ్యాయి. సాఫ్ట్‌వేర్ అమ్మాయి కుట్టిన కాజాలు వదిన ఊడదీసి మళ్లీ కుట్టింది, ఆ సంగతి తర్వాత తెలిసింది. రెండో వారం ఆ అమ్మాయికి గుండీలు సర్దే పని ఇచ్చారు. శ్రావణం అంతా, మళ్లీ మాఘంలో కూడా గురువారం క్లాసు అక్కడే. వినేవాళ్లం కుడుతూ ఉండటం వల్ల ఒక మంచి జరిగింది. మన చేతుల్ని ఎవరూ చూడరు. చూపులు సూది మీద, చెవులు మాత్రమే మన వైపు. నేను కూడా అక్కడే బాగా వాయించేదాన్ని.

ఒక గురువారం వెళ్లేసరికి ఎఫ్ మీట పలుకుతోంది. ఆదివారం వాళ్లాయన వెనక మరలన్నీ విప్పాడట. మీటల కింద రబ్బరు పట్టీ ఉంటుంది, దాని అడుగున ఒక్కో మీటకీ చిన్న నల్లటి బిళ్ల, అది కింద బోర్డుని తాకితేనే స్వరం. అక్కడ దుమ్ము చేరింది. స్పిరిట్‌తో తుడిచి మళ్లీ బిగించాడు. వదినతో ఏమన్నాడని అడిగితే, "ఏమనలే. మొత్తం అరవై ఒక్కటి లెక్కవెట్టి ఒక్కొక్కటి ఒత్తి సూసిండు" అంది.

ఈ ఏడాది సంక్రాంతి వెళ్లగానే పిన్నిగారు అమెరికా వెళ్లారు. కూతురి పురుడు, డాలస్ దగ్గర. ఆరు నెలలు. మన వయసు పైబడ్డ ఆడవాళ్ల జీవితంలో ఈ ఆరు నెలల లెక్క మీకు తెలిసిందే. బియ్యప్పిండి, కారప్పొడులు, కాయం డబ్బా సర్దుకున్న సూట్‌కేసులో పుస్తకం పట్టలేదు. పేజీలు ఫోన్లో ఫోటోలు తీసుకున్నారు. వెళ్లేముందు నాతో, "ఎడమ చెయ్యి నీకు అప్పజెబుతున్నాను" అన్నారు.

అప్పగింతలకేం గానీ, ఫిబ్రవరి అంతా నాకు పాట సగమే ఉండేది. ఏడాదిన్నరగా పక్కన ఆవిడ కార్డులు వింటూ వాయించిన చెయ్యి, అవి లేకపోతే దారి వెతుక్కునేది. వదిన చెప్పిన కాగితం కుట్టు మళ్లీ మొదలుపెట్టాను, ఒక్కో గడి. సౌండ్ ఆపేసి రాత్రి భోజనాలయ్యాక, డైనింగ్ టేబుల్ మీద. మార్చి చివరికి ఒక వాల్ట్జ్ రెండు చేతులతో వచ్చింది. నిదానంగానే. రికార్డు చేసి పంపితే పిన్నిగారు తిరిగి పంపిన వాయిస్ మెసేజ్ నలభై సెకన్లు. అందులో ముప్పై సెకన్లు పసివాడి ఏడుపు. చివర్లో, "రెండో వరుసలో తొందర పడ్డావు" అన్నారు.

ఏప్రిల్‌లో ఇంకో మెసేజ్ వచ్చింది. వాళ్ల అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో నిజం పియానో ఉందట. మధ్యాహ్నం పసివాడు పడుకుంటే అల్లుడి అమ్మగారికి అప్పజెప్పి వెళ్లారట. ఎనభై ఎనిమిది మీటలు, యాభై రెండు తెల్లవి, ముప్పై ఆరు నల్లవి. కూర్చుని లెక్కపెట్టారట. మన చిన్న కీబోర్డుల మీద ఎలా నొక్కినా ఒకటే చప్పుడు. అక్కడ లోపల సుత్తులు తీగల్ని కొడతాయి, మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా. దాన్ని 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టోఫొరీ అనే ఆయన చేసినప్పుడు అదే దాని గొప్ప. పియానో ఫోర్టే అంటే వాళ్ల భాషలో మెల్లగా, గట్టిగా అనే అర్థం. ఇవన్నీ సాఫ్ట్‌వేర్ అమ్మాయి చెప్పింది. పిన్నిగారు చెప్పింది వేరు. "మీటలు బరువమ్మాయ్, రుబ్బురోలు పొత్రం కదిపినట్టుంది. కానీ మనిషితో మాట్లాడినట్టు, మనం ఎట్లా అంటే అదీ అట్లా అంటుంది. సీ కార్డు పట్టుకుని అది పూర్తిగా ఆగిపోయేదాకా విన్నాను. చాలాసేపు ఆగలేదు."

ఆ మెసేజ్ విన్నాక వదిన తన కీబోర్డులో టచ్ అనే బటన్ ఉందని కనిపెట్టింది. ఇన్నాళ్లూ దాన్ని ఎవరూ నొక్కలేదు. నొక్కితే మెల్లగా, గట్టిగా కొంచెం తేడా వస్తోంది. నాది అంతకంటే పాతది, దానికి లేదు. దాంతో ఇప్పుడు మా నలుగురిలో మంచి వాయిద్యం లంగావోణీలకి బదులొచ్చిన ఆవిడదే.

సాఫ్ట్‌వేర్ అమ్మాయి ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల ఇనీషియల్ పరీక్షకి కడదామంటోంది. వయసుతో పని లేదట, ఎలక్ట్రానిక్ కీబోర్డుకి విడిగా పరీక్ష ఉందట. తనతోపాటు వదినని కూడా కట్టమంటోంది. వదిన ఇంకా ఏమీ తేల్చలేదు, ఫీజు ఎన్ని బ్లౌజులో లెక్కేస్తోంది. నాకు పరీక్ష మీద ఆసక్తి లేదు. మా వాడి పరీక్షలు చాలు ఈ జన్మకి.

ఇప్పుడు ఆషాఢం. ముహూర్తాలు లేవు, వదిన మిషన్ మీద పాత చీరల ఫాల్స్ తప్ప పని లేదు. అందుకని వారానికి రెండు క్లాసులు, సోమవారం ఆవిడ ఇంట్లో, గురువారం మా ఇంట్లో. శ్రావణం వచ్చేలోగా పుస్తకంలో 'ఓ సోలే మియో' దాకా వెళ్లాలని లెక్క. హుక్సుల డబ్బాలు రెండు కొని ఉంచాను.

పిన్నిగారు బుధవారం తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగుతున్నారు. మర్నాడే గురువారం. ఒక వారం విశ్రాంతి తీసుకోండి పిన్నీ అంటే, దివాన్ కాట్ గోడ దగ్గరికి జరిపేశావా అని అడిగారు. లేదన్నాను. అయితే శనగలు నానబెట్టమన్నారు.